ఎకరం గడియారం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవడు నా బీరువాలోంచి మామ గడియారం డబ్బా తీసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. పక్కన తన ఫోను పెట్టి, రెండింటినీ మార్చి మార్చి చూస్తూ, "తాతా, ఈ మాడల్ ఆగిపోతోందట" అన్నాడు. రెండు మీటల గడియారం, క్రోనోగ్రాఫు అంటారే, దాన్ని ఆ కంపెనీవాళ్ళు ఇక చెయ్యకపోవచ్చునని ఎక్కడో ఎవరో అన్నారట. ఖాయంగా ఎవరికీ తెలియదట, తెలియదు గనుకనే జనం షాపుల్లో పేర్లు రాయించుకొని నెలల తరబడి ఎదురుచూస్తున్నారట. దొరికించుకున్నవాడు దాని మీది పలచని ప్లాస్టిక్కు పొర కూడా ఒలవకుండా, చావి కూడా ఇవ్వకుండా బ్యాంకు లాకరులో పెడతాడట. మావాడూ పేరు రాయించాడు. మరి మీట ఎప్పుడు నొక్కుతావురా అని అడిగాను. నొక్కితే అరుగుతుంది కదా తాతా అన్నాడు. అప్పటికే నాకు కోపం మొదలైంది.

అంతటితో పోయేది. కాని మావాడు డబ్బా అడుగున ఉన్న నీలి మఖమలు గుడ్డను గోటితో లేపాడు. దాని కింద నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క ఉంది. వాడి మొహం వెలిగిపోయింది. దీని గురించి పేపర్లో కూడా వచ్చిందా తాతా, ఇట్లాంటి కాగితం జతగా ఉంటే పాత గడియారానికి విలువ ఎంతో పెరుగుతుంది తెలుసా, అంటూ మడత విప్పబోయాడు. నేను వాడి చేతిలోంచి దాన్ని గుంజుకొని జేబులో పెట్టుకున్నాను. ఏదో అరిచాను కూడా. ఏమన్నానో గుర్తులేదు గాని, వంటింట్లోంచి మా కోడలు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి ఒక పాత కాగితం కోసం పసివాడిలా పెనుగులాడడం చూసి ఆ పిల్ల ఏమనుకుందో ఏమో.

మడత విప్పకుండానే అది ఏమిటో నాకు తెలుసు. ఆ పేపరు కాలమ్ వెడల్పు తెలుసు, ఆ కాగితం రంగు తెలుసు. ఆ వార్త రాసింది నేనే.

మామ అంటే మా అమ్మకు అన్న. మెదకులో చర్చి కాంపౌండు గోడ పక్కన రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాడు, అక్కడి బడిలో డ్రిల్లు మాస్టరు. మన వయసువాళ్ళకు డ్రిల్లు మాస్టరంటే చెప్పనక్కరలేదు. ఖాకీ నిక్కరు, మెడలో విజిలు, ఎండకు కమిలిన పిక్కలు, ఎవరూ లెక్కచెయ్యని పీరియడు. లెక్కల పాఠం వెనకబడితే డ్రిల్లు పీరియడు తీసుకునేవారు గాని, డ్రిల్లు వెనకబడితే లెక్కల పీరియడు ఎవరైనా ఇచ్చారా? అయినా మామ ఆ పనిని పూజారి గుడి పనిని చేసినంత నిష్ఠగా చేసేవాడు. మైదానంలో పరుగుబాటను తాడుతో కొలిచి, సున్నంతో గీతలు వేసి, వానకు చెరిగిపోతే మళ్ళీ కొలిచి వేసేవాడు. ఒక్కటే లోటు, సెకన్లు కొలిచే సాధనం లేదు. ఎవరైనా పిల్లవాడు బాగా పరుగెత్తితే బాగా పరుగెత్తాడు అనడమే తప్ప ఎంత బాగా అన్నది చెప్పలేకపోయేవాడు. అది ఆయనను లోపల తినేసేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేండ్లయిన కాలం అది. బడికి బంతులు కొనడానికి హైదరాబాదు పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఒక గడియారాల దుకాణం అద్దంలో మామ దీన్ని చూశాడు. స్విట్జర్లాండు సరుకు. తెల్లని డయలు మీద బుల్లి డయళ్ళ లాంటి మూడు చిన్న డబ్బీలు, పక్కన చావి తిప్పే మర, దాని పైన ఒక మీట, కింద ఒక మీట. దుకాణదారు రూమీ టోపీ పెట్టుకున్న పెద్దాయన. డ్రిల్లు మాస్టరు కొనడని తెలిసినా బయటికి తీసి చేతిలో పెట్టి, పై మీట నొక్కి పెద్ద ముల్లు పరుగెత్తడం చూపించి, మళ్ళీ నొక్కి ఆపి, కింది మీట నొక్కి ముల్లును పన్నెండుకు తెచ్చి చూపించాడట. చూపించి, ఊరికే ఉండక ఒక మాట అన్నాడట. కంపెనీ ఈ తరహా బంద్ చేస్తుందని వింటున్నాను మాస్టర్ సాబ్, మళ్ళీ అడిగితే నా దగ్గర ఉండదు, అని.

ఆ ఒక్క మాట పట్టుకొని మామ మెదక్ బస్సెక్కాడు. కుల్చారం దగ్గర ఆయనకు తండ్రి నుంచి వచ్చిన మెట్ట చెలక ఎకరం ఉండేది. ఆ నెలలోనే దాన్ని అమ్మేసి, మళ్ళీ బస్సెక్కి పోయి గడియారం కట్టుకొని వచ్చాడు. తీరా ఆ కంపెనీ ఆ గడియారాన్ని బంద్ చేసిందా? చెయ్యలేదు. ఆ తరువాత అరవై ఏండ్లు చేస్తూనే ఉంది. మామ పొలం పోయింది వట్టి పుకారుకు. ఇప్పుడు మా మనవడు పేరు రాయించింది మళ్ళీ అదే పుకారుకు. దుకాణాలు మారాయి, టోపీలు మారాయి, మాట మారలేదు.

మా అత్తమ్మ ఆ రోజు పొయ్యి ముట్టించలేదు. ఏడవలేదు కూడా, ఆమెకు ఏడుపు కంటే ఎత్తిపొడుపు బాగా వచ్చు. వాకిట్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళను ఆపి ఒకటే మాట చెప్పింది. "మా ఆయన ఎకరం చేతికి కట్టుకొని తిరుగుతుండు. జర దూరంకెళ్ళి పోండ్రి, నాగలి తగుల్తది."

ఆ మాట సాయంత్రానికి మెదకంతా పాకింది. అప్పటి నుంచి అది ఎకరం గడియారం.

మామ దాన్ని దాచుకోలేదు. వాడాడు. ఆ సంగతి మా మనవడికి ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. రోజూ పొద్దున చర్చి గంట మోగేటప్పుడు చావి ఇచ్చేవాడు, ఉతికిన చేతిరుమాలుతో అద్దం తుడిచేవాడు, ఇక రోజంతా మీటలు నొక్కుతూనే ఉండేవాడు. పాలు పొంగడానికి ఎంతసేపు, బావిలో బొక్కెన దిగి రావడానికి ఎంతసేపు, బస్టాండు నుంచి బస్సు కదిలి చర్చి గోపురం దాటడానికి ఎంతసేపు. ఒక ఆదివారం పాస్టరుగారి ప్రసంగం కూడా కొలిచి, బయటికి వస్తూ పోయిన వారం కంటే పదకొండు నిమిషాలు ఎక్కువైందని ఆయనకే చెప్పాడు. మరుసటి వారం పాస్టరుగారు మెట్ల మీదనే ఎదురొచ్చి, మాస్టరుగారూ ఆ చెయ్యి జర జేబుల పెట్టుకోండ్రి అని బతిమాలుకున్నారు.

ఈ గడియారంతో ఒక తిరకాసు ఉండేది. మామూలు గడియారంలో సెకన్ల ముల్లు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, అది తిరగకపోతే గడియారం ఆగినట్టు. దీంట్లో నడుమ ఉన్న పెద్ద ముల్లు మీట నొక్కితేనే తిరుగుతుంది. నొక్కనప్పుడు కదలకుండా నిలబడి ఉంటుంది. గడియారం నడుస్తున్నదని చెప్పే చిన్న ముల్లు ఒక మూల డబ్బీలో గోరంత ఉంటుంది, తెలిసినవాడు వెతికితేనే కనపడుతుంది. అందుకని మామ చెయ్యి చూసిన ప్రతివాడూ, అయ్యో మాస్టరుగారూ, మీ గడియారం ఆగింది, అనేవాడు. దానికి మామ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు. "ఆగలే. ఆపిన."

ఆ తరువాత ఓపికగా చిన్న ముల్లు చూపించేవాడు, పై మీట నొక్కి పెద్ద ముల్లును పరుగెత్తించేవాడు. ఆ మాట నేను తక్కువలో తక్కువ వందసార్లు విన్నాను. చిన్న ముల్లును వందసార్లు చూశాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మామకు ఒక్కతే కూతురు. నాకు మరదలు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టు నడిచేది. గడియారం వచ్చిన కొత్తలో మామ సరదాకు ఆమె పరుగును కొలిచాడు. కొలిచి, ముల్లు చూసి, మళ్ళీ పరుగెత్తమన్నాడు. మూడోసారి కొలిచాక ఇంట్లోకి పోయి నోటుబుక్కు తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున ఆమె సున్నపు గీతల మధ్య ఉత్తకాళ్ళతో ఒక రౌండు, అంటే నాలుగు వందల మీటర్లు, పరుగెత్తేది, మామ గీత దగ్గర చెయ్యెత్తి నిలబడేవాడు. డెబ్బై అయిదు సెకన్ల నుంచి డెబ్బై రెండుకు వచ్చింది, డెబ్బైకి వచ్చింది, వానకాలం పోయేసరికి అరవై ఏడు. అత్తమ్మ గోడ దగ్గర నిలబడి చూస్తూ, ఎకరంల పంట కనవడ్తుంది అని మొదటిసారి నవ్వింది.

నేను అప్పుడే ఒక దినపత్రికకు మెదక్ విలేకరినయ్యాను. సైకిలు మీద ఊళ్ళు తిరిగి, వార్తలు రాసి, కవరు మీద 'ప్రెస్' అని పెద్దగా రాసి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. అల్లాదుర్గ్‌లో వడగండ్ల వాన, రేగోడ్‌లో బావి పూడిక, నాలుగు లైన్లు, మూడు లైన్లు. నా మరదలు వార్త చదివినప్పుడల్లా నన్ను ఏడిపించేది. "బావా, నువ్వు రాసింది నేను ఒక్క రౌండు ఉరికేలోపల మూడుసార్లు చదవొచ్చు. ఇంక జర పెద్దగ రాయరాదు?" నిజమే, నాకూ పెద్దగా రాయాలని ఉండేది. నలుగురూ చెప్పుకునే వార్త, చుట్టూ గీతలు గీసి పెట్టె కట్టి వేసే వార్త ఒక్కటైనా పడాలని ఉండేది.

ఆ సంవత్సరం హైదరాబాదులో పద్దెనిమిది నిండని ఆడపిల్లలకు పరుగు శిక్షణ శిబిరం పెడతారని తెలిసింది. జిల్లా పోటీల్లో నాలుగు వందల మీటర్లు అరవై ఆరు సెకన్లలోపు పరుగెత్తినట్టు కాగితం మీద ఉండాలి, అది ఒక్కటే షరతు. మరదలికి పద్దెనిమిది నిండడానికి కొద్ది నెలలే ఉన్నాయి. పోతే ఈ ఏడే పోవాలి. మామ నోటుబుక్కులో అప్పటికి అరవై అయిదు ఉంది.

జిల్లాకు పేరు మెదక్‌దే అయినా కచేరీలన్నీ సంగారెడ్డిలోనే ఉండేవి, ఆ ఉక్రోషం మా ఊరివాళ్ళకు ఎప్పుడూ ఉండేది. ఆ ఏడు జిల్లా పోటీలు మెదకులో పెట్టారని అందరం సంబరపడ్డాం. సంగారెడ్డి నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. సెకన్లు కొలిచే సాధనం మాత్రం మామ చేతికున్నది తప్ప ఇంకొకటి లేదు. విలేకరినని నాకు కూడా ఆఫీసరు పక్కన ఒక కుర్చీ వేశారు, గోలీ సోడా ఇచ్చారు. ఇరవై మూడేండ్ల వయసులో ఆ కుర్చీ నాకు ఎంత ఎత్తుగా అనిపించిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పరుగు గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఆరుగురు ఆడపిల్లలు బయలుదేరారు, మూలమలుపు దగ్గర మరదలు ఒక్కతే ముందు మిగిలింది. తెల్ల చొక్కా, మోకాలి కిందికి నీలి పావడా, ఉత్తకాళ్ళు. గీత దాటుతుండగా మామ బొటనవేలు మీట మీద పడింది. పడ్డది పడ్డట్టే ఉంచి, ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకొని, కోడిగుడ్డు మోసుకొస్తున్నవాడిలా మైదానమంతా అడ్డంగా నడిచి షామియానా దగ్గరికి వచ్చాడు. కంట్లో నీళ్ళు తిరుగుతున్నాయి. గడియారం విప్పి ఆఫీసరు ముందు పెట్టాడు.

ఒక నిమిషం నాలుగు సెకన్లు. గడియారంలో అది ఎట్లా ఉంటుందంటే, పెద్ద ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చి నాలుగో గీత మీద నిలబడుతుంది. తిరిగిన ఆ ఒక్క చుట్టును చిన్న డబ్బీలో ఇంకో ముల్లు ఒకటి అంకె మీద నిలబడి చెబుతుంది.

ఆఫీసరు పెద్ద ముల్లు ఒక్కటే చూశాడు. "ఏం పంతులూ, నాలుగు సెకండ్లల ఉరికిందా మీ బిడ్డ?"

షామియానా అంతా నవ్వింది. మామ వంగి, ఒక నిమిషం నాలుగు సార్, నిమిషం ఈ చిన్న డబ్బిల చూడుండ్రి, అన్నాడు. ఆఫీసరు చూడలేదు. గడియారాన్ని కంటికి దగ్గరగా పెట్టుకొని పెద్ద ముల్లు కదులుతుందేమోనని కాసేపు కాచుకున్నాడు. అది కదలలేదు.

"ఇది ఆగింది గదయ్యా."

"ఆగలే సార్. ఆపిన."

"గడియారాన్ని నడిపెటోడుంటడు గని, ఆపెటోడుంటడా?" అంటూ ఆఫీసరు ఆ నవ్వుల మధ్యనే, ఇది ఏం మీటో చూద్దామని కింది మీట నొక్కాడు.

పెద్ద ముల్లు ఎగిరి పన్నెండు దగ్గర నిలబడింది. నిమిషాల ముల్లు ఒకటి మీంచి సున్నా మీదికి పడింది. మామ చెయ్యి ముందుకు చాపాడు, చాపిన చెయ్యి అట్లనే ఉండిపోయింది. చూసిండ్రా, ముల్లు ఎటుపడితే అటు దుంకుతుంది, ఎకరం అమ్మి కొన్న గడియారమట, ఆగి ఉన్నదాన్ని తెచ్చి సాక్ష్యమంటుండు, అని ఆఫీసరు దాన్ని పక్కవాడి చేతికిచ్చాడు. ఆ పక్కవాడు ఇంకొకడికి. అట్లా కుర్చీలన్నీ తిరిగి నా దగ్గరికి వచ్చింది. నాకు తెలుసు. చిన్న ముల్లు తన మూలలో తాను తిరుగుతూనే ఉంది, నా కళ్ళతో చూశాను. లేచి నిలబడి, సార్, ఇది నడుస్తున్నది, చూడండి అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేనూ నవ్వాను. నవ్వి గడియారాన్ని మామ చేతికిచ్చాను.

మళ్ళీ ఒకసారి పరుగు పెట్టండని మామ అడిగాడు. వచ్చే ఏడు చూద్దామన్నారు. మరదలికి మొదటి బహుమతి కింద ఇత్తడి కప్పు ఇచ్చారు. కాగితంలో మాత్రం సమయం రాసే గడిలో అడ్డగీత గీశారు.

ఆ సాయంత్రం నేను రాసిన వార్తను పెట్టె కట్టి వేశారు. నా జీవితంలో మొదటి పెట్టె వార్త. ఊరంతా చదివింది, హోటల్లో ఇద్దరు ముగ్గురు నా భుజం తట్టారు.

మామ ఊరుకోలేదు. అర్జీ రాసుకొని, తన నోటుబుక్కు పట్టుకొని సంగారెడ్డి పోయాడు. గడియారం ఎట్లా పనిచేస్తుందో అక్కడి గుమాస్తాకు మీటలు నొక్కి చూపించాడు. ఆ గుమాస్తా మంచివాడేనట, అంతా చూశాడట, అర్థమైందన్నాడట. అని, ఫైలు తెరిచి లోపల గుండుసూదితో గుచ్చిన నా వార్త చూపించాడట. నేను ఒప్పుకున్నా ఏం లాభం మాస్టరుగారూ, పేపర్లనే వచ్చింది గదా, మీ ఊరాయనే రాసిండు, అన్నాడట.

సంగారెడ్డి నుంచి మామ నేరుగా నా గదికి వచ్చాడు. కూర్చోలేదు. ఫైల్లో మాట చెప్పి, ఎందుకు రాసినవు అల్లుడా, అని అడిగాడు. తిట్టినా బాగుండేది. ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాటకు నేను ఇప్పటికీ నన్ను క్షమించుకోలేదు. నేను 'ఆపిన గడియారం' అనే రాశాను మామా, ప్రెస్సులో కంపోజింగు చేసేవాడు 'పి' బదులు 'గి' పెట్టాడు, అచ్చుతప్పు, అన్నాను. ఒక్క అక్షరమే కదా తేడా. ఎన్నడూ చూడని మనిషి మీద, హైదరాబాదులో ఏ రేకుల షెడ్డులోనో నిలబడి సీసపు అక్షరాలు ఏరుకుంటూ బతికే మనిషి మీద తోసేశాను.

మామ వాకిలి వైపు తిరుగుతూ అన్నాడు.

"అచ్చుతప్పు ఒక్క జాగల పడ్తది అల్లుడా. నువ్వు మూడు జాగల రాసినవు."

అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. ఇంటికి పోతే అన్నం పెట్టారు, పండుగకు బట్టలు పెట్టారు. మామ గడియారం కట్టుకోవడం మానలేదు గాని మీటలు నొక్కడం మానేశాడు. పెద్ద ముల్లు ఎప్పుడు చూసినా పన్నెండు దగ్గరే నిలబడి ఉండేది. దాన్ని చూసి ఎవరైనా, మాస్టరుగారూ మీ గడియారం ఆగింది, అంటే, "ఆ, ఆగింది" అనేవాడు. ఆ మాట నా ముందరే రెండుసార్లు అన్నాడు.

మరదలికి పద్దెనిమిది నిండాయి. టీచరు ట్రైనింగు చేసి రేగోడ్‌లో ఉద్యోగంలో చేరింది, ముప్పై ఏండ్లకు పైగా అక్కడే చెప్పింది. వేరే మనిషిని పెళ్ళి చేసుకుంది, బాగానే బతికింది. ఆమె బతుకు పాడైందని నేను అనను, అనే హక్కు కూడా నాకు లేదు. కాని శిబిరానికి పోయి అక్కడ ఓడిపోయి రావడం వేరు, గెలిచినదాన్ని నాలుగు సెకన్లని నవ్వి పంపడం వేరు. ఆ ఆఫీసరు పదవీ విరమణ చేసినప్పుడు సంగారెడ్డిలో పూలదండలు వేశారు. ఆ వార్త కూడా నేనే రాశాను, ఆరు లైన్లు.

మామ పోయిన పదో రోజున మరదలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకెందుకు, నీ దగ్గరే ఉండనీ అన్నాను. "నాకేమెరుక బావా, నీకే ఇయ్యమన్నడు. డబ్బతోని సహా ఇయ్యమన్నడు, డబ్బ పారేయొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పిండు." ఆ మాట వెనక ఏముందోనని నేను ఆలోచించలేదు. నలభై ఏండ్లు పత్రికల్లో పనిచేసి, పదిమందికి పని నేర్పినవాణ్ణి, ఆ గుడ్డ లేపి చూడలేదు. అప్పుడప్పుడు గడియారం తీసి చావి ఇచ్చి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి, అంతే.

మొన్న సాయంత్రం కోపం కొంత చల్లారాక, నా గది తలుపు దగ్గరగా వేసుకొని ఆ కాగితం విప్పాను.

నా వార్తే. కాని మామ దాన్ని దిద్దాడు. ఎర్రసిరాతో, మా ప్రెస్సులో ప్రూఫు దిద్దేవాళ్ళ లాగే, తప్పు అక్షరం మీద గీత కొట్టి, పక్కన మార్జిన్లో సరైన అక్షరం రాశాడు. శీర్షికలో ఒకటి, కింద రెండు. మూడు చోట్లా 'గి' కొట్టేసి 'పి'. ఇంకేమీ రాయలేదు. డ్రిల్లు మాస్టరుకు ప్రూఫు దిద్దే పద్ధతి ఎట్లా తెలుసునని ముందు ఆశ్చర్యపోయాను. తరువాత గుర్తొచ్చింది, విలేకరినైన కొత్తలో, గొప్పకు, మామకు ఆ గుర్తులు నేర్పింది నేనే.

నా అబద్ధాన్ని నమ్మి దిద్దాడా? అది అబద్ధమని తెలిసి, దాన్ని నిజం చేద్దామని దిద్దాడా? ఏదైనా నాకు కోపమే. తిట్టి ఉంటే పడేవాణ్ణి, కొట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. దిద్ది, మడిచి, మఖమలు కింద పెట్టి, నేను ఎప్పటికైనా చూస్తానని వదిలి పోయాడు. ఇన్నేండ్లు పట్టింది నాకు.

ఇప్పుడు మెదకే జిల్లా కేంద్రం, సంగారెడ్డికి పోయి ఎవరి బల్ల ముందూ నిలబడే పని లేదు. పరుగు పందేలకు కరెంటు కళ్ళున్నాయట, సెకనులో వందో వంతు కూడా తప్పిపోదట. విలేకరి కవరు బస్సు డ్రైవరుకు ఇచ్చే పని లేదు. ఇవన్నీ మంచివే. కాని ఈ మధ్య నాకు తోచేదేమిటంటే, మన మాటల్లోంచి ఆపినవాడు ఎటో జారిపోయాడు. బడి ఆగిపోయింది అంటారు, బస్సు ఆగిపోయింది అంటారు, పెన్షను ఆగిపోయింది అంటారు, కంపెనీ తలచుకొని బంద్ చేస్తేనే బంద్ అయ్యే గడియారాన్ని మావాడు ఆగిపోతోంది అంటున్నాడు. అన్నీ వాటంతట అవే ఆగుతున్నాయి. నా మరదలు పరుగు ఆగిపోయిందని నేను కూడా ఎన్నో ఏండ్లు చెప్పుకున్నాను. ఆగలేదు. ఆపారు. ఆపినవాళ్ళలో నేను ఒకణ్ణి.

మనవణ్ణి పిలిచి గడియారం అమ్మేది లేదని, వచ్చే వారం నన్ను మెదక్ తీసుకుపోవాలని చెప్పాను. గడియారం, కాగితం రెండూ అక్కడ ఉంటున్న మరదలి చేతిలో పెట్టాలి. ఆమెకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, నడవడానికి కర్ర కావాలి, నాలుక మాత్రం తండ్రిది కాదు, తల్లిదే. ఏమంటుందో నాకు తెలుసు, అననీ.

వాడు వెళ్ళాక చావి ఇచ్చాను. మీట నొక్కి, పెద్ద ముల్లు కదలగానే నా వార్తను శీర్షిక నుంచి చివరి మాట దాకా పైకే చదివాను.

*ఆపిన గడియారంతో పరుగు పందెం. మెదక్: ఇచట జరిగిన జిల్లా క్రీడల పోటీలలో ఒక ఉపాధ్యాయుడు ఆపిన గడియారంతో తన కుమార్తె పరుగును కొలిచి అందరికీ వినోదం కలిగించెను. ఎకరం పొలం అమ్మి కొన్నదని చెప్పబడుచున్న ఆ ఆపిన గడియారమును చూచి అధికారులు సైతం నవ్వు ఆపుకొనలేకపోయిరి.*

మీట నొక్కి ఆపాను. ముల్లు ఇరవై ఒకటి దగ్గర నిలబడింది. ఆమె అన్నట్టే, ఆమె ఒక్క రౌండు పరుగెత్తేలోపల మూడుసార్లు చదవొచ్చు.